తెర పలకపై తెలుగు: ఏ అంగడికి ఏ అనుసంధానం?

(హోసూరులో సరిహద్దు తెలుగు వర్తకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యుత్ తెరలపై ప్రకటనలు చూపే పలకలను ఏ వ్యాపారానికి ఎలా అమర్చుకోవాలో చెప్పమని నన్ను కోరారు. నుడిని గురించి మాట్లాడుకొనే చోట తీగల గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. కారణం ఉంది. హోసూరులోగాని, బళ్లారిలోగాని, రాయచూరులోగాని, బరంపురంలోగాని ఒక తెలుగు వర్తకుడు కొత్త పలక కొనబోయి, "ఇందులో తెలుగు కూడా ఉండాలి" అని అడిగితే, అమ్మేవారు తరచుగా చెప్పే జవాబు ఒకటే: "ఈ బోర్డులో తెలుగు రాదండీ." వర్తకుడు సరేనని ఊరుకొంటాడు. అక్కడ తెలుగును ఆపినది చట్టం కాదు, ఇరుగుపొరుగు వారి అయిష్టమూ కాదు. అరచేతిలో ఇమిడే ఒక కంట్రోలరు కార్డు ఆపింది. ఆ జవాబులో సగం నిజముంది, సగం సోమరితనముంది. ఏ సగం ఏదో తెలిస్తే తెలుగును కోల్పోవలసిన పని లేదు. అది తెలియాలంటే ముందు తీగల సంగతే తెలియాలి.

తెర పలక అంటే మూడు వస్తువుల కూడిక. కనబడే తెర ఒకటి. ఏమి కనబడాలో తెరకు చెప్పే పెట్టె ఒకటి, దానినే ప్లేయరు అంటారు. ఆ పెట్టెకు మన మాటను చేర్చే దారి మూడవది. మనవారు తెర ఎన్ని అంగుళాలని అడుగుతారు, ధర అడుగుతారు, దారిని గురించి మాత్రం అడగరు. నిజానికి వ్యాపారానికీ వ్యాపారానికీ తేడా వచ్చేది ఆ దారి దగ్గరే. నెలకొకసారి మారే మాటకు పెన్‌డ్రైవు చాలు. పూటపూటకూ మారే మాటకు వైఫైగాని, లాన్ తీగగాని కావాలి. నిమిషనిమిషానికీ మారే మాటకు లాన్ తీగ తప్ప మరొకదానిని నమ్మరాదు. ఊరి చివర, తీగ చేరని చోట సిమ్ కార్డు పెట్టిన ప్లేయరు పనికివస్తుంది. అమ్మేవారు మాత్రం తమ వద్ద నిలువ ఉన్న ఒకే రకపు కట్టను మందుల అంగడికీ, కల్యాణ మండపానికీ కూడా అంటగడతారు.

ముందుగా టిఫిను హోటలు సంగతి. డబ్బు కట్టే బల్ల పైన మూడు తెరలు వరుసగా పెట్టడం ఇప్పుడు వాడుక అయింది. మూడింటికీ ఒకే ప్లేయరు పెట్టి, స్ప్లిట్టరుతో పంచితే ఖర్చు తగ్గుతుందని చెబుతారు. తగ్గుతుంది, కాని మూడు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. ఒకదాని మీద టిఫిన్లు, ఒకదాని మీద భోజనాలు, ఇంకొకదాని మీద కాఫీ, టీలు రావాలంటే తెరకొక ప్లేయరు ఉండాలి, లేదా మూడు వేరువేరు దారులున్న ప్లేయరు కావాలి. ప్లేయరును తెర వెనుకనే బిగించి, అక్కడినుండి యజమాని గదికి లాన్ తీగ లాగడం మంచిది. ఎందుకంటే హెచ్.డి.ఎం.ఐ. తీగ పది, పదిహేను మీటర్లు దాటితే బొమ్మ తడబడవచ్చు. లాన్ తీగ 100 మీటర్ల వరకు నిలకడగా పనిచేస్తుంది. వంటింటి ఆవిరి, నూనె పొగ తగిలే చోట తెర వెనుక గాలి ఆడే ఖాళీ వదలండి. ఇంట్లో చూసే టీవీని తెచ్చి నిలువుగా తిప్పి గోడకు కొట్టేవారున్నారు. దాని వేడి బయటికి పోయే రంధ్రాలు అడ్డంగా నిలబెట్టేందుకు అమర్చినవి. రోజుకు పదహారు గంటలు వెలిగే పనికి అది పుట్టలేదు.

ఇక్కడ భాష విషయంలో ఒక మాట. పది సెకన్లు తమిళం, పది సెకన్లు తెలుగు, పది సెకన్లు ఇంగ్లీషు అని తిప్పడం చాలామందికి న్యాయంగా తోస్తుంది. ధరల పట్టిక విషయంలో నేను దానికి ఒప్పుకోను. వరుసలో నిలబడి పెసరట్టు ధర వెతుక్కొంటున్న ముసలాయన కన్ను ఆ పంక్తికి చేరేలోగా పంక్తి మాయమవుతుంది. మళ్లీ ఇరవై సెకన్లు ఆగాలి, ఈలోగా వెనుకవారు తోస్తారు. దానికంటె ఒకే పంక్తిలో ఎడమ వైపు తమిళం, కుడి వైపు తెలుగు, నడుమ ధర ఉంచండి. అంకె అందరికీ ఒకటే గనుక నడుమ ఉంటే ఎటువారైనా చదువుకొంటారు. పంక్తులు తగ్గుతాయి, నిజమే. ఒక తెరకు పన్నెండు వంటకాలకు మించి వ్రాస్తే ఏ భాషలోనైనా ఎవరూ చదవరు.

ఉదయం పదకొండుకు టిఫిన్లు తీసి భోజనాలు వేయడం, నాలుగింటికి బజ్జీలు వేయడం ప్లేయరుకే అప్పగించవచ్చు. వేళల పట్టిక ఒకసారి ఇస్తే రోజూ అదే మార్చుకొంటుంది. అయితే పొంగలి అయిపోయినప్పుడు తీసివేయడం మనిషి పని. బిల్లులు వేసే కంప్యూటరుకూ ప్లేయరుకూ లంకె కలిపితే, అక్కడ 'లేదు' అని నొక్కగానే పైన పంక్తి మసకబారే ఏర్పాటు ఉంది. ఆ లంకె కుదరాలంటే రెండు సాఫ్టువేర్లూ ఒకదాని మాట మరొకదానికి తెలిసేవై ఉండాలి. కొనకముందే ఇది అడగండి, కొన్న తరువాత ఎవరూ జవాబు చెప్పరు.

నగల అంగడికి వేరే చిక్కు ఉంది. బంగారం ధర రోజూ మారుతుంది, ఒక్కొక్కరోజు రెండుసార్లు కూడా మారుతుంది. ద్వారం దగ్గర ఒక తెర, లోపల రెండు తెరలు ఉన్నాయనుకోండి. వాటిలో ఒకదానికి నెట్టు తెగి నిన్నటి ధరే నిలిచిపోతే ఆ పూట తగవు తప్పదు. అందుచేత ఒక్క చోట వ్రాస్తే అన్ని తెరలకూ చేరే ఏర్పాటు ఒక్కటే చాలదు. ధర ప్రక్కన తేదీ, వేళ కూడా కనబడాలి. ఇన్ని గంటలుగా కొత్త మాట అందకపోతే ధరను చెరిపివేసి, "ధర అడిగి తెలుసుకోగలరు" అన్న పంక్తి వేయమని ప్లేయరుకు ముందే చెప్పి ఉంచాలి. బయటినుండి వచ్చే ధరను నేరుగా తెర మీదికి వదలకండి. ఒక మనిషి చూసి, సరే అన్న తరువాతనే వెళ్లాలి.

వైద్యశాల విషయం మరికొంత వివరంగా చెప్పాలి. పల్లెనుండి వచ్చిన తెలుగు తల్లి, చేతిలో చీటీ పట్టుకొని, పిలుపు ఏ భాషలో వస్తుందో తెలియక ప్రతి మాటకూ లేచి నిలబడడం మీరూ చూసే ఉంటారు. అక్కడ తెర పలక అలంకారం కోసం కాదు. దానికి ఇంటర్నెట్ మీద ఆధారపడిన అనుసంధానం పెట్టరాదు. చీటీ అంకె డాక్టరు బల్లనుండి తెరకు పోవడానికి బయటి లోకంతో పని లేదు. భవనంలోనే ఒక రౌటరు, లాన్ తీగలు, ఒక చిన్న కంప్యూటరు ఉంటే చాలు. ఊరంతా నెట్టు పోయినా వరుస సాగుతుంది. రౌటరుకూ ప్లేయరుకూ కూడా యూ.పి.ఎస్. పెట్టించండి. తెరకు మాత్రమే పెట్టించి రౌటరును మరచిన చోట్లు చాలా ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు తెర వెలుగుతూనే ఉంటుంది, అంకె మాత్రం కదలదు.

రోగి పేరు తెరపై వేయకండి, అంకె చాలు. ఎవరు ఏ డాక్టరును చూడవచ్చారో పదిమందికీ తెలియవలసిన అవసరం లేదు. ఇక చదువురాని వారి సంగతి. హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోస్తుంది. ఒకటినుండి నూరు వరకు అంకెలను, "లోపలికి రండి" అన్న మాటను మన ఊరి గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకొంటే ప్లేయరు వాటిని జోడించి పిలుస్తుంది. యంత్రం పలికే తెలుగు ఇప్పుడు దొరుకుతున్నది, మునుపటికంటె బాగానే ఉంది కూడా. అయినా డెంకణికోట తాలూకా ముసలమ్మకు ఆ నగరపు ఉచ్చారణకంటె ఇరుగింటి అక్క గొంతు తొందరగా అందుతుందని నా అభిప్రాయం. ఒక పూట పని అది. తమిళంలోనూ అలాగే చేయించి, ఒకదాని తరువాత ఒకటి పలికించండి.

ఎరువుల అంగళ్ల వారు ఇక్కడ చాలామంది ఉన్నారు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నిలువ ఎంత ఉందో, ధర ఎంతో అంగట్లో కనబడేలా వ్రాసి ఉంచవలసిన బాధ్యత వర్తకునిది. సుద్దముక్కతో నల్లపలక మీద వ్రాసినా ఆ పని జరుగుతుంది. తెర పెట్టుకోదలచితే, నిలువ లెక్క ఏ కంప్యూటరులో ఉందో దానినుండే పట్టిక తెరకు వెళ్లేలా చేయించండి. లెక్క ఒకచోట, తెర మరొకచోట చేత్తో మార్చుకొంటూ పోతే నాలుగు రోజులలో రెండూ విడిపోతాయి. అప్పుడు పలక ఉండడమే తప్పయి కూర్చుంటుంది. రైతు చదివే పట్టిక ఇది, బస్తా బరువు, ధర, నిలువ మూడే గళ్లు పెట్టండి. ఈ తెరపై కదిలే అక్షరాలు వద్దు. రైతుకు తెలిసిన లిపిలో, కదలకుండా ఉండాలి. సిమ్ కార్డు ప్లేయరు పెట్టేవారికి ఒక లెక్క: సెకనుకు 8 మెగాబిట్ల నాణ్యత గల ఒక నిమిషం వీడియో సుమారు 60 మెగాబైట్లు అవుతుంది. కంపెనీవారిచ్చే పది ప్రకటనలు ఒకసారి దించుకొంటే 600 అయింది. ప్లేయరు వాటిని తనలో నిలువ చేసుకొని ఆడించేదై ఉండాలి. ఆడిన ప్రతిసారీ నెట్టునుండి లాక్కొనేదైతే మధ్యాహ్నానికి మీ డేటా అయిపోతుంది.

కల్యాణ మండపం వారికి పెన్‌డ్రైవు, ఫోనుతో మార్చే వైఫై కార్డు చాలు. పెళ్లికొకసారి పేర్లు మారుతాయి, అంతే. చిన్న చిల్లర అంగడికి ఏమి కావాలని అడిగితే, నా జవాబు ఏమీ వద్దనే. మంచి పెయింటరు వ్రాసిన పలక ఒకటి పెట్టుకోండి. కరెంటు అడగదు, పాస్‌వర్డు అడగదు.

ఇప్పుడు "తెలుగు రాదు" అన్న మాటకు వస్తాను. అంగళ్ల ముందు ఎర్రగా పరుగులెత్తే పలకలలో ఎక్కువగా వాడేది పి10 అనే రకం. చుక్కకూ చుక్కకూ నడుమ 10 మిల్లీమీటర్లు ఉంటుంది గనుక ఆ పేరు. ఒక్కొక్క ముక్క 320 మిల్లీమీటర్ల పొడవు, 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అందులో అడ్డంగా 32 చుక్కలు, నిలువుగా 16 చుక్కలు. ఇంగ్లీషు పెద్దక్షరానికి ఏడు చుక్కల ఎత్తు చాలు. తమిళంలో ఒత్తులు దాదాపు లేవు గనుక పదహారులో సర్దుకొంటుంది. మన అక్షరం మూడు అంతస్తులది. పైన గుడి, ఏత్వం, నడుమ అక్షరం, క్రింద ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని పదహారు వరుసలలో ఇరికిస్తే చుక్కల ముద్ద కనబడుతుంది. కాబట్టి హోసూరులో తమిళం చక్కగా వచ్చిన పలకలోనే తెలుగు చక్కగా రాకపోవడం వింత కాదు. కన్నడానికీ ఇదే ఇబ్బంది ఉంది, ఎందుకంటే వారి ఒత్తులూ క్రిందికే దిగుతాయి. బళ్లారి వారు ఈ విషయంలో కన్నడ వర్తకులతో కలిసి అడిగితే అమ్మేవారు తొందరగా వింటారు. దీనికి ఉపాయం రెండు ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చడం. అప్పుడు 32 వరుసలవుతాయి. అడ్డంగా ఆరు, నిలువుగా రెండు ముక్కలు పేరిస్తే 1.92 మీటర్ల పొడవు, 32 సెంటీమీటర్ల ఎత్తు గల పలక, 192 చుక్కల పొడవున తెలుగు పేరు స్పష్టంగా నిలుస్తుంది. ముక్కలు రెట్టింపు, ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది. అమ్మేవారి జవాబులో నిజమైన సగం ఇది.

దూరం విషయంలో పలకలు చేసేవారికి ఒక కొండగుర్తు ఉంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. అది ఇంగ్లీషు అక్షరాన్ని తలచుకొని పెట్టుకొన్న లెక్క. తెలుగులో ఒత్తులతో సహా కొలిస్తే మోసపోతాము. నడుమ అంతస్తు, అంటే అసలు అక్షరం ఎత్తును మాత్రమే లెక్కించాలి.

సోమరితనమైన సగం మరొకటి ఉంది. యూనికోడులో 'అమ్మ' అని వ్రాస్తే, యంత్రం లోపల అది నాలుగు గుర్తులుగా ఉంటుంది: అ, మ, పొల్లు, మళ్లీ మ. ఆ పొల్లునూ రెండవ మ-నూ కలిపి ఒత్తుగా మార్చి చూపడం వేరే పని. ఫోనులోనూ, కంప్యూటరులోనూ ఆ పని చేసే ఏర్పాటు ఉంది. చవక కంట్రోలరు కార్డులో లేదు. అందుకని అది 'అమ్‌మ' అని, 'లక్‌ష్‌మి' అని విరిచి చూపుతుంది. అలా విరిగిన పేర్లను చూస్తూ పెరిగే పిల్లలకు తెలుగు వ్రాత అంటే అదేననిపిస్తుంది. బడిలో తెలుగు లేని మన పిల్లలకు అంగడి పలకలే ఎంతోకొంత వాచకాలు. అందుకే ఈ విరుపును చిన్న లోపమని నేను అనుకోను.

దీనికి విరుగుడు సులభం. కార్డుకు అక్షరాలు ఇవ్వకండి, బొమ్మ ఇవ్వండి. కంప్యూటరులోగాని, ఫోనులోగాని మంచి ఖతితో పేరు వ్రాసి, పలకకు సరిపడా 192 అడ్డం, 32 నిలువు కొలతతో బొమ్మగా నిలువ చేసి పంపితే, కార్డు దానిని చుక్కలుగా చూపుతుంది. దానికి భాష తెలియనవసరం లేదు. మండలి, రామభద్ర, గురజాడ వంటి యూనికోడు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. పలకలకు సన్నని గీతలున్నవి వద్దు, లావుపాటివే ఎంచుకోండి. ముద్రణాలయంలో అను ఖతులతో కూర్చిన పాఠాన్ని అలాగే తెచ్చి ప్లేయరులో అతికిస్తే చెత్త గుర్తులు వస్తాయి. అది తెలుగు లోపం కాదు, ఆ ఖతుల అమరిక యూనికోడు కాదు. వారి వద్ద కూడా పాఠం అడగకండి, బొమ్మనే అడగండి. ఇంకొక దారి నాకు ఇష్టమైనది. మీ ఊరి పెయింటరు కాగితం మీద వ్రాసిన అక్షరాలను ఫోటో తీసి, దానినే బొమ్మగా వాడండి. మూడు తరాల చేతివ్రాత తెర మీదికి వస్తుంది. పెద్ద వీడియో తెరలకు పెట్టే ఆండ్రాయిడ్ ప్లేయర్లకు సాధారణంగా ఈ బాధ లేదు, అయినా 'లక్ష్మి', 'కృష్ణ', 'స్త్రీ', 'జ్యోత్స్న' అన్న నాలుగు మాటలు వేయించి చూసిన తరువాతనే డబ్బు కట్టండి.

కరెంటు గురించి రెండు మాటలు. పి10 ముక్కలు 5 వోల్టుల మీద నడుస్తాయి. 40 ఆంపియర్ల పెట్టె 200 వాట్లు ఇస్తుంది. ఇంత తక్కువ వోల్టును సన్నని తీగ మీద దూరం పంపితే దారిలోనే తరిగిపోయి, పలక చివరి ముక్కలు ఎర్రబారి మసకగా వెలుగుతాయి. అందుచేత ఆ పెట్టె పలకలోనే ఉండాలి, అంగడి లోపలినుండి 230 వోల్టుల తీగ రావాలి, ఎర్త్ తప్పక ఉండాలి.

తాళం సంగతి కూడా. వైఫై కార్డులు తయారీదారు పెట్టిన ఒకే పాస్‌వర్డుతో వస్తాయి. దానిని మార్చకపోతే వీధిలో నిలబడిన ఎవరైనా మీ పలకపై ఏదైనా వ్రాయవచ్చు. సరిహద్దు ఊళ్లలో, భాషల విషయంలో మనసులు వేడెక్కిన రోజున, మీ పలకపై మీరు వ్రాయని మాట కనబడితే ఏమవుతుందో ఊహించండి. బిగించిన రోజే మార్చండి, కొత్త పాస్‌వర్డును అమ్మినవారి వద్ద కాక మీ వద్ద ఉంచుకోండి.

చివరికి చట్టం. పేరు పలక వేరు, లోపలి ప్రకటనల తెర వేరు అని ముందు గుర్తుంచుకోండి. కర్ణాటకలో 2024లో చేసిన సవరణ ప్రకారం పేరు పలకలో 60 శాతం కన్నడం, అదీ పై భాగంలో ఉండాలి. మహారాష్ట్రలో 2022 సవరణ ప్రకారం దేవనాగరిలో మరాఠీ ఉండాలి, ఇతర భాషల అక్షరాలకంటె అది చిన్నదిగా ఉండరాదు. తమిళనాడులో అంగళ్ల నియమాలు తమిళానికే ఎక్కువ చోటు ఇమ్మంటాయి. ఇవి పాటించవలసినవే, మనసారా పాటించవలసినవి. ఆ నేల భాషకు ఆ నేల మీద పెద్దపీట వేయడంలో మనకు అభ్యంతరం ఉండరాదు. అయితే మిగిలిన చోటులో తెలుగు ఉండరాదని ఈ నియమాలు అనడం లేదు. అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘం పలకపై మరాఠీతో పాటు ఉర్దూ ఉండడం చట్టవిరుద్ధం కాదని 2025 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అది పురపాలక సంఘం పలక వ్యవహారమే, అంగడి పలకది కాదు. అయినా మరొక భాష ప్రక్కన ఉన్నంత మాత్రాన రాష్ట్ర భాషకు కీడు జరగదన్న ఆలోచన అందులో ఉంది.

వెలిగే పేరు పలకలో భాషలను వంతులవారీగా తిప్పకండి. తెలుగు వంతు వచ్చినప్పుడు కన్నడమో తమిళమో మాయమైతే, ఆ క్షణాన ఎవరైనా ఫోటో తీస్తే, మీరు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. రాష్ట్ర భాషను కదలకుండా పైన ఉంచి, తెలుగును క్రింద ఉంచండి. యానాం వారికి ఈ బాధ తక్కువ, అక్కడ అధికార వ్యవహారంలో తెలుగు వాడుకకు 1965 నాటి చట్టమే చోటిచ్చింది. వారు పలకలలో తెలుగును వదిలి ఇంగ్లీషుకు పోతున్నారంటే తప్పు తీగలది కాదు.

ప్రక్క గదిలో నాలుగు ముక్కల పి10 పలక ఒకటి పెట్టి ఉంచాము, అడ్డం 64 చుక్కలు, నిలువు 32. భోజనాల తరువాత మీ అంగడి పేరు తెల్లకాగితం మీద మీ చేత్తోనే వ్రాసి తీసుకొని రండి. పదహారు వరుసలలో ఒకసారి, ముప్పైరెండు వరుసలలో ఒకసారి వేసి చూపుతాను. పేరులో ఒత్తులున్నవారు ముందు రావాలి.